కిష్టన్న చెయ్యి తప్పలేదు

మస్కట్ నుంచి, శుక్రవారం పొద్దున.

యాదమ్మక్కకు నీ చిన్నచెల్లె చంద్రకళ దండాలు. బావకు కూడా నా దండాలు చెప్పు. నేను ఇక్కడ ఒంట్లో బాగానే ఉన్నాను. మీరంతా బాగున్నారని తలుస్తాను. నీ మోకాళ్ల నొప్పి ఎట్లా ఉంది? నాగర్‌కర్నూల్ దవాఖానలో ఇచ్చిన మాత్రలు పరగడుపున వేసుకోవద్దన్నారు కదా. టీ తాగి వేసుకుంటున్నానని తప్పించుకోకు, ఏదన్నా తిని వేసుకో. పల్లిచేను పీకడం అయిపోయిందా? ఈసారి కాలువ నీళ్లు మన చేను దాకా వచ్చాయని మౌనిక చెప్పింది. విని చాలా సంతోషపడ్డాను.

ఇక్కడ ఎండలు మన దగ్గర లాంటివి కావు. మన ఎండ మాడుస్తుంది, ఇక్కడి ఎండ ఉడకబెడుతుంది. చెత్తబుట్ట బయట పెట్టి వచ్చేలోపల జాకెట్టు తడిసి ఒంటికి అంటుకుంటుంది. ఇంట్లో మాత్రం చల్లగా ఉంటుంది కాబట్టి నాకేం ఇబ్బంది లేదు. జొన్నపిండి దొరుకుతుంది కానీ పాతది, రొట్టె అంచులు విరిగిపోతాయి. అయినా శుక్రవారం నాడు రెండు రొట్టెలు కొట్టుకుని పచ్చిపులుసుతో తింటున్నాను. నా తిండి గురించి బెంగపడకు.

రోజూ ఫోనులో మాట్లాడుకుంటూనే ఉన్నాం కదా, ఈ ఉత్తరం ఎందుకని అనుకుంటావు. ఫోనులో అయితే నువ్వు స్పీకరు పెడతావు. పక్కన బావ ఉంటాడు, మౌనిక ఉంటుంది, ఒక్కోసారి పక్కింటి వాళ్లు కూడా వచ్చి బాగున్నావా అని అడుగుతారు. నేను చెప్పాలనుకున్న మాట అట్లా చెప్పేది కాదు. మూడుసార్లు చెబుదామని మొదలుపెట్టాను. మూడుసార్లూ కూరేం వండావని అడిగి పెట్టేశాను. కంగారుపడకు, నాకు రోగం ఏమీ లేదు. ఇంట్లోవాళ్లు నన్ను ఏమీ అనలేదు. తప్పు చేసింది నేనే.

నేను పనిచేసే ఇంటి హాలులో పెద్ద అద్దాల తొట్టి ఉందని, అందులో సముద్రం ఉందని చెప్పాను కదా. మౌనిక తన స్నేహితురాళ్లతో "మా అమ్మ సముద్రాన్ని సాదుతది" అని చెప్పుకుంటోందని ఆ మధ్య నువ్వు నవ్వుతూ అన్నావు. ఆ పూట నాకు అన్నం సహించలేదు.

ఆ తొట్టిని మొదట సాదింది నేను కాదక్కా, కల్వకుర్తి కిష్టన్న. ఈ ఇంట్లో డ్రైవరు. నన్ను ఇక్కడ పనిలో పెట్టించింది కూడా అతనే. నేను మూడేళ్ల కింద వచ్చినప్పుడు ఈ ఇంట్లో తెలుగు మాట్లాడేది అతనొక్కడే. మౌనిక నాన్న పోయిన దుఃఖం నాకు ఇంకా తీరలేదు, పిల్లను నీ దగ్గర వదిలి వచ్చానన్న బాధ దాని మీద. వంటింట్లో గిన్నెలు తోముతూ ఏడుస్తుంటే కిష్టన్న వచ్చి, "చెల్లె, ఇట్ల రా, నీకొకటి సూపిస్త" అని హాలులోకి తీసుకుపోయాడు.

నాలుగడుగుల పొడవు అద్దాల తొట్టి. పైన నీలం దీపం. లోపల రాళ్లు, రాళ్ల మీద పగడాలు. మన మెడలో వేసుకునే పగడాలు కావు, ప్రాణమున్నవి. ఒకటి అచ్చం కోడిజుట్టు పువ్వు లాగా మడతలు మడతలుగా ఉంది. ఒకటి పుట్టగొడుగుల గుంపు లాగా ఉంది. వేళ్లు వేళ్లుగా ఊగే పువ్వు లాంటిది ఇంకొకటి, అది పువ్వు కాదట, జంతువట. దాని మధ్యలో తెల్ల చారల నారింజ చేపలు రెండు కాపురం చేస్తున్నాయి. నేను ఏడుపు మరిచిపోయి నిలబడ్డాను.

"నేను గూడ కొత్తల ఏడ్సిన. గీటిని సూసుకుంట సూసుకుంట ఏండ్లు గడిపిన" అన్నాడు కిష్టన్న.

తొట్టి సారుకు ప్రాణం. సారు ఇంజనీరు, మన దేశపు మనిషే, హిందీ మాట్లాడతాడు. మనిషి తక్కువ మాటల వాడు. ఆఫీసు నుంచి రాగానే బూట్లు విప్పి, టీ కప్పుతో తొట్టి ముందు కుర్చీలో కూర్చుంటాడు. ఆ తర్వాతే భార్యతోనైనా మాట. కొనుక్కొచ్చి పెట్టింది సారే అయినా, దాన్ని ఇన్నేళ్లు బతికించింది కిష్టన్న చెయ్యి.

నాకూ కొంత నేర్పాడు. నీళ్లు రోజూ కొంచెం ఆవిరైపోతాయి. ఉప్పునీళ్లు కదా, తగ్గినంత ఉప్పునీళ్లే పొయ్యాలేమో అనుకున్నాను నేను. "నీళ్లు పోతయి గని ఉప్పు యాడికి పోతది చెల్లె? ఉప్పు ఆణ్నే ఉంటది. మళ్ల ఉప్పునీళ్లు పోసినవనుకో, ఎక్కువైతది, సస్తయి. గందుకే రోజు పోసేటివి ఉత్త నీళ్లు, అవి గూడ మిషన్ల వడగట్టినయి. వారానికొక్కసారి పాతనీళ్లు కొన్ని తీసి, అప్పుడు కలిపిన ఉప్పునీళ్లు పోయాలె" అని చెప్పాడు. ఉప్పు కొలిచే గొట్టం కంటికి పెట్టుకుని వెలుతురులో చూసేవాడు. రెండు సీసాల మందులు చిన్న కొలతపాత్రలో గీత దాకా పోసి వేసేవాడు. హాలులో దోమల మందు కొట్టనిచ్చేవాడు కాదు. చేతికి నూనె ఉన్నా, సబ్బు ఉన్నా నీళ్లలో చెయ్యి పెట్టనిచ్చేవాడు కాదు.

ఉప్పునీళ్లు కలపడానికి ఒక తెల్ల బకెట్ వేరే ఉండేది. దాని పిడికి ఎర్రగుడ్డ కట్టి, "గీ బకెట్ల సబ్బు గాదు, సబ్బు చెయ్యి గూడ పడొద్దు" అని నాకు పదిసార్లు చెప్పాడు. పదిసార్లు, అక్కా. నాకు తెలియక జరిగిందని నేను చెప్పుకోలేను.

పోయిన ఎండాకాలంలో ఒకరోజు మేడం తరఫు చుట్టాలు వస్తున్నారని ఇల్లంతా కడగాల్సి వచ్చింది. నేల తుడిచే బకెట్ పిడి ఊడిపోయి అడుగు పగిలింది. వాళ్లు వచ్చే వేళ అయింది, మేడం తొందరపెడుతోంది. కిష్టన్న వాళ్లను తేవడానికి విమానాశ్రయానికి పోయాడు. నేను ఆ తెల్ల బకెట్ తీశాను. ఎర్రగుడ్డ విప్పి పక్కన పెట్టాను. నిండా నీళ్లు పట్టి ఫినాయిలు కలిపి రెండు బాత్రూములు, వరండా తుడిచాను. పని అయ్యాక బకెట్‌ను రెండుసార్లు కడిగి, మళ్లీ ఎర్రగుడ్డ కట్టి, ఎక్కడిది అక్కడ పెట్టాను. కడిగాను కదా, ఏం కాదులే అనుకున్నాను.

మర్నాడు కిష్టన్న నీళ్లు మార్చే రోజు. బకెట్‌లో నీళ్లు పట్టి ఉప్పు కలుపుతూ, "చెల్లె, ఏందో ఫినాయిల్ వాసన గొడుతుంది?" అని అడిగాడు.

"బాత్రూములు కడిగిన కదన్నా, గదే" అన్నాను.

అక్కా, అక్కడే నేను ఒక్కమాట చెప్పి ఉంటే అన్నీ బతికేవి. అన్న కోపపడేవాడు, రెండు మాటలు తిట్టేవాడు, ఆ నీళ్లు పారబోసేవాడు. నేను చెప్పలేదు. అతను ఆ నీళ్లు తన చేత్తోనే తొట్టిలో పోశాడు.

గంట కాకముందే నత్తలు అద్దం మీది నుంచి ఊడి కింద పడ్డాయి. పువ్వులాంటి జంతువు వేళ్లు ముడుచుకుని సంచి లాగా అయిపోయింది. నురుగు తీసే యంత్రం పొంగి కింద కారింది. కిష్టన్న మొహం తెల్లబోయింది. "ఏమాయె, ఏమాయె" అంటూ తొట్టి చుట్టూ తిరిగాడు. నీళ్లు ఇంకా మారిస్తే కోలుకుంటాయేమో అని మళ్లీ కలిపాడు. ఫినాయిలు పట్టిన అదే బకెట్‌లో. ఒకటి కాదు, ఇంకా మూడు బకెట్లు పోశాడు. ఉప్పు సంచి మూతి విప్పి పట్టుకుని నేను పక్కనే నిలబడ్డాను. నా కళ్ల ముందే అతను వాటిని బతికించాలని విషం పోస్తున్నాడు, నేను సంచి పట్టుకుని చూస్తున్నాను. నన్ను పంపించేస్తారు, మౌనిక ఫీజులు, చదువు ఏమవుతాయి, ఇవే నా తలలో తిరిగాయి. ఇప్పుడు ఎన్ని కారణాలు రాసినా అవి కారణాలు కావు. భయం ఒక్కటే.

సాయంత్రానికి సారు వచ్చేసరికి నారింజ చేపలు రెండూ పైకి తేలాయి. మర్నాటికి నీళ్లు పాలలాగా అయ్యాయి. కోడిజుట్టు పగడం మాంసం కరిగిపోయి తెల్ల ఎముక మిగిలింది. ఆ మొదటి సాయంత్రమే సారు బూట్లు కూడా విప్పకుండా నిలబడి చూశాడు. అరవలేదు. "ఏం జరిగింది?" అని మాత్రం అడిగాడు.

కిష్టన్న కొలతపాత్రను వెలుతురుకు ఎత్తి చూశాడు. తర్వాత తనే అన్నాడు, "మందు కొలత తప్పిన్నేమో సార్. ఆ గీతలు కంటికి మంచిగ ఆనుతలేవు. నా చెయ్యే తప్పింది."

అతని చెయ్యి తప్పలేదు. ఆ మాట తెలిసింది ఆ గదిలో నాకొక్కదానికే. నేను తలుపు పక్కన నిలబడి కొంగు నోట్లో పెట్టుకున్నాను. సారు నన్ను చూసి, పాపం ఎంత బాధపడుతోందో అనుకున్నాడు. మర్నాడు నేను ఆ బకెట్ పగిలిందని చెప్పి బయట పారేసి వచ్చాను.

చిన్న గీత కనిపించని మనిషి కారు ఎట్లా నడుపుతాడని మేడం భయపడింది. అందులో తప్పేముంది, పిల్లలను బడికి తీసుకుపోయేది అతనే. సారు అతన్ని మర్యాదగానే పంపించాడు. ఇవ్వాల్సింది ఇచ్చాడు, బట్టలు పెట్టాడు, విమానం దాకా తనే వెళ్లి దింపాడు. పోయేటప్పుడు కిష్టన్న నా దగ్గరికి వచ్చి, "సారు మళ్ల తొట్టి పెడ్తడు చెల్లె, పెట్టకుండ ఉండలేడు. నువ్వు మంచిగ సూసుకో. నేను జేసినట్ల జేయకు" అన్నాడు. నేను అతని కాళ్లకు మొక్కాను. చెల్లె ప్రేమ అనుకున్నాడు.

అన్నట్టే సారు మళ్లీ మొదలుపెట్టాడు. తొట్టిని నాకు అప్పగించాడు. కిష్టన్న ఉన్న గది, కిటికీ ఉన్నది, అది కూడా నాకే ఇచ్చారు. కొత్త తొట్టిలో రాళ్లు, ఇసుక, ఉప్పునీళ్లు పెట్టి వారాల తరబడి ఒక్క ప్రాణి లేకుండా ఉంచాం. రాళ్లలో కంటికి కనిపించని జీవులు పెరగాలట, అవి పెరిగితేనే నీళ్లు చేపలకు పనికొస్తాయట. నేను రోజూ ఆ ఖాళీ నీళ్లు కొలిచి పుస్తకంలో రాశాను. మొదట గోధుమరంగు నాచు పట్టింది, అది పోయి ఆకుపచ్చ నాచు పట్టింది, తర్వాత నత్తలు వేశాం, తర్వాత చేపలు, చివరికి పగడాలు. ఒక్కటీ చావలేదు. ఎందుకు చస్తాయి? నేను ఒక్కో గీతను మూడుసార్లు చూసేదాన్ని.

చుట్టాలు వస్తే సారు నన్ను పిలిచి చూపిస్తాడు, "ఈమె చేతిలో ఏదో ఉంది, ఈమె పెడితే రాయి కూడా పెరుగుతుంది" అంటాడు. వాళ్లు మెచ్చుకుంటారు. నేను టీ కప్పులు తీసుకుని లోపలికి పోయి, కొళాయి తిప్పి నిలబడతాను. గదిలో కిష్టన్న మంచం అట్లాగే ఉంది. దాని మీద పడుకుంటున్నాను.

ఇట్లా ఏడాది గడిచింది. మూడు వారాల కింద, శుక్రవారం పొద్దున, కిష్టన్నే ఫోను చేశాడు. ముందు నా బాగోగులు అడిగాడు, తర్వాత తొట్టి ఎట్లా ఉందని అడిగాడు. బాగుందన్నాను. "సంతోషం. సీసాల మందు కొలత ఒక్కసారి గాదు, రెండుసార్లు సూడు చెల్లె. నేను చెప్పిన లెక్క నమ్మకు, సారునడిగి రాసుకో" అన్నాడు.

మీరెట్లున్నరని అడిగితే నవ్వాడు. ఫోను కోడలు సుజాత అందుకుంది. "ఏం చెప్పాలె అత్తా, మామ బండి ముట్టుకుంటలేడు. మా ఆయన ట్రాలీ ఆటో కొనిచ్చిండు, అట్లనే నిలబడున్నది. కండ్ల డాక్టరు మంచిగనే ఉన్నయన్నడు, అద్దాలిచ్చిండు. అయినా ఇనడు. నా చేతుల ప్రాణాలు పోయినయ్, మనుషులను ఎక్కించుకోను అంటడు. ఆఖరికి చాయిల చక్కెర గూడ నన్నే ఎయ్యమంటడు" అంది.

అప్పటిదాకా నేను అతని పని పోగొట్టాననే అనుకున్నాను, అక్కా. ముప్పై ఏళ్లు బండి నడిపిన మనిషికి తన చెయ్యి మీద తనకే నమ్మకం లేకుండా చేశానని ఆ మాట విన్నాకే తెలిసింది.

ఆ రోజు సాయంత్రం సారు కుర్చీలో కూర్చోగానే ముందుకు పోయి మొత్తం చెప్పాను. బకెట్, ఎర్రగుడ్డ, ఫినాయిలు, వాసన అడిగితే చెప్పిన అబద్ధం, సంచి పట్టుకుని నిలబడ్డది, అన్నీ. సారు టీ పక్కన పెట్టాడు. తొట్టి వైపు చూడలేదు, నా వైపూ చూడలేదు. "చేపలు పోతే మళ్లీ వచ్చాయి. ఆయన్ను నేను ఇంటికి పంపించాను కదమ్మా" అన్నాడు. అంతే. తిట్టి ఉంటే కొంచెం తేలికయ్యేది.

అప్పుడే కిష్టన్నకు ఫోను చేసి నేనే చెప్పాను. చెప్తూ ఏడ్చాను. అంతా విని నవ్వాడు. "సుజాత నీకు గియన్ని చెప్పిందా? నా బాధ సూసి చెప్తున్నవ్. నీ మనసు మంచిది చెల్లె. గని నీకు అబద్ధం ఆడనీకి సక్కగ వస్తలేదు" అన్నాడు.

నేను నిజం చెబితే అబద్ధమన్నాడు. అబద్ధం చెప్పినప్పుడు నమ్మాడు.

మర్నాడు సారు కూడా ఫోను చేశాడు. తప్పు మీది కాదని, క్షమించమని, తిరిగి రమ్మని అడిగాడు. "మీరు పెద్దమనుషులు సార్, గట్లనే అంటరు. నా చేతుల సంగతి నాకు తెల్వదా" అని కిష్టన్న రానన్నాడట. అందరూ కూడబలుక్కుని తనను ఊరడిస్తున్నామనే అనుకుంటున్నాడు.

అందుకే ఈ ఉత్తరం. నాగర్‌కర్నూల్ వైపు ఒకామె సెలవు మీద వస్తోంది, ఆమె చేతికి ఇస్తున్నాను. ఉత్తరం పెట్టిన సంచిలోనే నీ మోకాళ్లకు రాసుకునే మందు, బావకు ఖర్జూరం, మౌనికకు ఒక చేతిసంచి పెట్టాను. నువ్వు పని చూసుకుని, వీలైనంత తొందరగా కల్వకుర్తి పో. మన తెలకపల్లి నుంచి నాగర్‌కర్నూల్ వచ్చి బస్సు మారితే సరిపోతుంది. బస్టాండులో దిగి సుజాతకు ఫోను చెయ్యి, వచ్చి తీసుకుపోతుంది. మౌనికను వెంట తీసుకుపో. వద్దని నీకు అనిపిస్తుంది, పిల్ల ముందు తల్లి గుట్టు ఎందుకని. తీసుకుపో. దాని చదువు పేరు చెప్పుకుని నేను నోరు మూసుకున్నాను. దానికి తెలియాలి.

కిష్టన్న ముందు కూర్చుని ఈ ఉత్తరం మొదటి నుంచి చివరి దాకా చదువు. నీకు బాధనిపించిన చోట వదిలెయ్యకు. వాసన సంగతి నిదానంగా చదువు. ఆ రోజు నన్ను అడిగింది అతనికి గుర్తుండే ఉంటుంది, ఫోనులో ఏడుస్తూ ఆ మాట నేను చెప్పలేకపోయాను. మర్నాడే బకెట్ ఎందుకు పారేశానో కూడా అతన్ని ఆలోచించమను. అప్పటికీ నమ్మకపోతే, ఒట్టు పెట్టి చెప్పు. మన అమ్మ మీద ఒట్టు పెట్టినా సరే, నేను మోస్తాను.

నన్ను క్షమించమని మాత్రం అడగొద్దు. అడిగితే అతను క్షమిస్తాడు, అట్లాంటి మనిషి. నాకు అది వద్దు. తన చేత్తో తన చాయిలో తను చక్కెర వేసుకోమను, ముందు అది చాలు. తిడితే తిట్టనీ. అతను ఏమన్నా, ఎంత మాటన్నా, ఒక్కటి కూడా మింగకుండా నాకు చెప్పు. ఈసారి స్పీకరు పెట్టుకునే చెప్పు.

సారు నన్ను పంపించలేదు. తొట్టి పని కూడా తీసెయ్యలేదు. కానీ చుట్టాలు వచ్చినప్పుడు నన్ను పిలవడం మానేశాడు. నిజం చెప్పనా, అక్కా, అదొక్కటే ఈ మధ్య నాకు ఊపిరి ఆడిన సంగతి. ఈ నెలాఖరుకు నా పని కాగితం గడువు తీరుతుంది, మళ్లీ రాయాలి. ఉండమంటే ఉంటాను, పొమ్మంటే వస్తాను. వస్తే చేను పని చేసుకుంటాను. దాని గురించి నువ్వు పరేషాన్ కావద్దు.

నా ఆరోగ్యం బాగుంది, మళ్లీ చెప్తున్నాను. వేళకు తింటున్నాను. మాత్రలు మరిచిపోకు. చిన్నమ్మకు, ఇంటి పెద్దలందరికీ నా దండాలు అందజెయ్యి. మౌనికకు ముద్దులు.

ఫోను పెట్టేటప్పుడల్లా నన్ను దీవించక్కా అని అడిగేదాన్ని, నువ్వు చల్లగుండు బిడ్డా అనేదానివి. ఏడాదిగా ఆ దీవెన నేను దొంగతనంగా తీసుకున్నట్టే ఉంది. ఇప్పుడు అడగను. కల్వకుర్తి పోయిరా. కిష్టన్న ఇంటి గడప దిగి బస్సు ఎక్కిన తర్వాత, నీకు మనసొప్పితే, అప్పుడు దీవించు.

నీ చెల్లె,
చంద్రకళ